మతసంస్థలు – ఉపాధ్యాయ శిక్షణము

మతసంస్థలు నడపు శిక్షణ కళాశాలల ఆశయపత్రములను చదివినవారికి అవి యన్నియు నొకే మూసలో పోసినట్లు తోచును. సేవ, శీలము, భగవద్భక్తి: ఈ మాటలను కాదనువా రెవరు? అయినను రేపు తరగతిలో నిలువబోవు యువకునకు అచ్చట నేమి నేర్పుచున్నారో వానివలన తెలియదు.

ఆశయము పనిగా మారిన విధమును చూడగోరువారు ఫ్రాన్సులోని రీమ్స్ నగరచరిత్రము నరయవలెను. జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ అను కథోలిక గురువు, ప్రధాన దేవాలయమున తనకుగల కానన్ పదవిని 1683లో విడనాడెను. పిమ్మట వచ్చిన క్షామమున తన యాస్తిని బీదలకు పంచిపెట్టెను. రేపటి కూటికి వెరవవలదని కలిమిగల నీవు మాకు బోధింతువా యని ఆయన ఉపాధ్యాయులే అడిగిరట! 1685 ప్రాంతమున ఆయన గ్రామోపాధ్యాయులకై అచ్చట నొక శిక్షణాలయమును నెలకొల్పెను.

ఆనాడు చదువు లాటినుతో మొదలగుట పరిపాటి. ఆయన బడులలో పిల్లలు ముందుగ ఫ్రెంచినే చదువనేర్చిరి. పేదబాలుడు కొలదికాలమే బడికి రాగలడు. అర్థముగాని భాషకు ఆ కాలమును వెచ్చించినచో వానికి మిగులున దేమి? దైవభక్తియే ఆయన గమ్యము, బాట మాత్రము మాతృభాష. ఇతర రాష్ట్రములలో తెలుగుబడులకై పాటుపడు మనవారికి దీనిని విప్పిచెప్ప నక్కరలేదు. మంచి ఉపాధ్యాయునకు ఆయన చెప్పిన 12 గుణములలో మౌనము రెండవది, ఓర్పు ఆరవది, భక్తి పదునొకండవది! మాటలు తగ్గించి, చిన్న కొయ్యపరికరముతో సంజ్ఞలిచ్చి తరగతిని నడపుట ఆ బడుల ఆచారము.

మన దేశమున పరిస్థితి వేరు. రాజ్యాంగము 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు విద్యాలయములను నడుపుకొను హక్కు నొసగినది. ప్రభుత్వ ధనసహాయమో గుర్తింపో పొందిన విద్యాలయమున, సమ్మతిలేనిదే ఎవరినైనను మతబోధకు నిర్బంధింపరాదని 28వ అధికరణము శాసించుచున్నది. 2015లో రెండేండ్లకు పొడిగింపబడిన బి.ఎడ్. చదువునకు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నియమములే ఆధారము. ఇక మతసంస్థకు తనదిగా మిగులున దేమి?

అభ్యాసబోధనకు తన విద్యార్థులను ఏ బడికి పంపవలెనను నిర్ణయమున చాలభాగము దాని చేతిలోనే యున్నది. తన యావరణలోని ఆంగ్లపాఠశాలకు పంపుట సులువు. ఇంట నొక భాష, బడిలో వేరొక భాషగల పిల్లలు చదువు మునిసిపల్ బడికి పంపుట శ్రమ. అచ్చట పరమతస్థుడైన పిల్లవాడు తన యింటి పండుగను గూర్చి చెప్పగా తరగతి నవ్వినచో, బోధించుచున్న యువకుడేమి చేసెనో పర్యవేక్షకుడు వ్రాసికొనుచున్నాడా? ఇట్టి కళాశాలల పాలకవర్గములలో కూర్చుండు మన న్యాయవాదులును, వైద్యులును వచ్చే సమావేశమున ఈ ప్రశ్న నడుగవచ్చును.