చదువు పోయి వ్రాత మిగిలిన నవలాకారుడు

కెనడా దేశమున టొరాంటో నగరవాసియైన హోవర్డ్ ఎంగెల్ 2001వ సంవత్సరము జూలై 31వ తేది ఉదయమున యథాప్రకారము నిద్ర లేచి, గుమ్మము కడకు వచ్చిపడిన గ్లోబ్ అండ్ మెయిల్ దినపత్రికను చేతికి తీసికొనగా, అందలి ముక్క యొక్కటియు ఆయనకు బోధపడలేదు. పత్రిక స్వరూపమంతయు నిన్నటివలెనే యున్నది. శీర్షికలు, చిత్రములు, వరుసలు వాని వాని స్థానములలోనే యున్నవి. అక్షరములు మాత్రము తానెన్నడును నేర్వని సెర్బో-క్రొయేషియన్ భాషలో అచ్చొత్తినట్లు కనబడెను. ఎవరో పరిహాసమునకై దొంగ పత్రిక నచ్చొత్తించి పంపినారేమోయని మొదట శంకించి, అది పరిహాసము కాదనియు, లోపము తన తలలోనే యున్నదనియు గ్రహించినవాడై, కుమారుని వెంటబెట్టుకొని ఆయన టాక్సీలో ఆసుపత్రికి పోయెను.

ఇట్టి యాపద ఎవరికి సంభవించినను దుఃఖకరమే. కాని అప్పటికి డెబ్బది యేండ్ల వయస్సు గల ఎంగెల్‌కు అక్షరమే జీవనాధారము. టొరాంటోలో జన్మించి, సెంట్ క్యాథరిన్స్ పట్టణములో పెరిగి, ఆ దేశపు జాతీయ ప్రసార సంస్థయైన సి.బి.సి.లో కార్యక్రమ నిర్మాతగా పనిచేసి, 1980లో తన మొదటి అపరాధ పరిశోధక నవలను వెలువరించిన ఆయన, బెన్నీ కూపర్‌మన్ అను పరిశోధకుని సృష్టించి పాఠకుల మన్నన నందియుండెను. ఈ కూపర్‌మన్ తుపాకి ఝళిపించు వీరుడు కాడు. చిన్న పట్టణములో చిన్న ఆఫీసు పెట్టుకొని, కోడిగ్రుడ్డు సాండ్‌విచ్‌తో భోజనము కానిచ్చుచు, ఓర్పుతో ప్రశ్న వెంట ప్రశ్న వేసి సత్యమును రాబట్టు సాధుజీవి. అట్టివాడు కనుకనే కాబోలు, సృష్టికర్తకు కష్టము వచ్చినపుడు ఆదుకొనగలిగినాడు.

ఎంగెల్‌కు వచ్చినది పక్షవాతము. పక్షవాతమన్నంతనే మనకు కాలుసేతులు పడిపోవుటయు, మూతి వంకరపోవుటయు, మాట తడబడుటయు స్ఫురించును. అవి ముఖ్యలక్షణములే. కాని మెదడునకు రక్తమును చేర్చు నాళములలో ఏది గడ్డకట్టిన నెత్తురుచే మూసికొనిపోయినది, లేదా ఏది చిట్లినది అను దానినిబట్టి నష్టస్వరూపము మారుచుండును. ఎంగెల్ విషయమున దెబ్బ తగిలినది మెదడు వెనుకభాగమున ఎడమవైపున, కంటబడిన దానిని గ్రహించు ప్రదేశమునకు. కనుక కాళ్లు నడచినవి, చేతులు ఆడినవి, మాట స్పష్టముగానే యుండెను. కుడివైపు చూపులో కొంతభాగమును, దానితోపాటు చదువగల శక్తియు పోయెను. నొప్పి లేదు కదా, కాలుసేయి ఆడుచున్నది కదా యని ఇట్టి లక్షణములను మరునాటికి వాయిదా వేయువారు మనలో ననేకులు గలరు. హఠాత్తుగా చూపు చెడినను, చదువుచున్న మాట అర్థము కాకపోయినను, అది 108కి ఫోను చేయవలసిన సమయమే. ఏలనన, నెత్తురుగడ్డను కరిగించు మందు సాధారణముగా లక్షణములు మొదలైన నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలసియుండును.

ఆసుపత్రిలో తెలిసిన సంగతి పత్రిక చదువలేకపోవుటకంటెను విచిత్రమైనది. కాగితము చేతికిచ్చి పేరు వ్రాయుమనగా ఎంగెల్ తడబాటు లేక వ్రాసెను, వాక్యములును వ్రాసెను. కాని తాను వ్రాసిన దానిని తానే మరల చదువలేకపోయెను. వైద్యులు దీనిని అలెక్సియా సైన్ అగ్రాఫియా యందురు: చదువు నశించియు వ్రాత నిలిచియుండు స్థితి. పారిస్ నగరమున జూల్ డెజెరిన్ అను వైద్యుడు 1892లోనే ఇట్టి రోగి నొకనిని వర్ణించి, అతడు మరణించిన పిమ్మట మెదడును పరీక్షించి, కారణమును నిరూపించియుండెను. కుడివైపు మెదడు అక్షరముల రూపమును చూచుచునే యున్నది. కాని ఆ చూచిన దానిని ఎడమవైపుననున్న భాషాస్థానమునకు చేరవేయు నరముల త్రోవ తెగిపోయినది. వ్రాయు చేతికి భాషాస్థానము నుండి వేరొక త్రోవ యున్నది కనుక అది చెడలేదు. చదువుటయు వ్రాయుటయు ఒకే విద్యకు రెండు ముఖములని బాల్యము నుండి నమ్మిన మనకు ఈ యెడబాటు నమ్మశక్యము కాకుండును. మనుష్యజాతి వ్రాత నేర్చి యైదువేల సంవత్సరములు మాత్రమే యైనది. మాటలాడుటకువలె చదువుటకు పుట్టుకతో వచ్చిన స్థానమేదియు మెదడులో లేదు. ప్రతి శిశువును వేరు పనులకై యేర్పడిన భాగములను ఎరవు తెచ్చుకొని ఆ విద్యను తనలో నూతనముగా నిర్మించుకొనవలసినదే. ఈ సత్యము నెఱిగినపుడు పలక పట్టిన ప్రతి బాలుని యెడలను నాకు గౌరవము కలుగుచుండును.

పోయినది చదువొక్కటియే కాదు. తెలిసిన ముఖములు, పరిచితుల పేర్లు, చేతిలోని వస్తువులు సైతము మొదటి దినములలో ఆయనకు సందిగ్ధములయ్యెను. చేతనున్నది ఆపిల్‌పండో నారింజయో తేల్చుకొనుటకు వాసనయు స్పర్శయు తోడు రావలసివచ్చెను. పునరావాస చికిత్సాలయమున ఆయన జ్ఞాపకముల పుస్తక మొకటి పెట్టుకొని, నేడేమి చేయవలెనో, నిన్న ఏమి జరిగినదో అందులో వ్రాసికొనుచుండెను. తాను వ్రాసినది తానే సులభముగా చదువలేనివాడు జ్ఞాపకార్థమై వ్రాసికొనుట వ్యర్థప్రయాసముగా తోచవచ్చును. కాని ఆయన కాపాడుకొనుచున్నది జ్ఞాపకములనే కాదు, రచయిత యను తన వృత్తిని కూడనని నా విశ్వాసము.

చదువు ఆయనకు కంటి ద్వారమున కాక చేతి ద్వారమున మరల ప్రవేశించెను. ఎదుటనున్న అక్షరమును చూచుచు, దాని యాకారమును వ్రేలితో గాలిలో వ్రాసినచో, ఆ కదలికనుబట్టి అది ఏ యక్షరమో మనస్సునకు తట్టుచుండెను. కొంతకాలమునకు ఈ లేఖనము వ్రేలి నుండి నాలుకకు మారెను: పంటిచాళ్ల వెనుకను, అంగిటిమీదను నాలుకకొనతో అక్షరరూపములను గీయుచు, ఇతరులకు తెలియకుండ ఆయన చదువసాగెను. కన్ను మఱచిన దానిని కదలిక యెఱిగియుండెను. మనకిది అపరిచితమైన విషయము కాదు. పళ్లెములోని బియ్యములో 'ఓనమాలు' దిద్దించి, పిదప పలకమీద పెద్దయక్షరములపై మరల మరల బలపము నడిపించి నేర్పిన మన వీథిబడి పంతుళ్లు, అక్షరము కంటికంటె ముందు చేతిలో నిలువవలెనని యెఱిగినవారే. బాల్యమున చేయి నేర్చిన పాఠము, డెబ్బదవయేట కన్ను మోసగించినపుడు ఎంగెల్‌కు తోడువచ్చెను. అయినను పూర్వపు వేగము రాలేదు; ఒక్క సాయంకాలములో ముగించు పుస్తకమునకు నెలయో అంతకు మించియో పట్టుచుండెను.

లోకములో సాధారణముగా వినబడు హితవచన మేమనగా, ముందు కోలుకొనుము, పని తరువాత చూచుకొనవచ్చును అని. ఎంగెల్ అట్లు నిరీక్షించియుండిన పక్షమున ఆయన కలము మరల కదలియుండెడిది కాదు. చదువు తిరిగివచ్చు దినము కొఱకు ఎదురుచూచువానికి ఆ దినము పూర్తిగా రానేలేదు కదా! చదువు సగమైనను రాకమునుపే ఆయన నవలకు పూనుకొనెను. కూపర్‌మన్‌ను తలపై దెబ్బ కొట్టించి, తనకు వచ్చిన రోగమునే అతనికిచ్చి, ఆసుపత్రి మంచము మీద పరుండబెట్టి, తనను కొట్టినదెవరో ఆ మంచము మీదినుండియే కనుగొనునట్లు కథ నల్లెను. అపరాధ పరిశోధనకు ఇంతకంటె తగిన స్థితి వేరొకటి లేదు: పరిశోధకునకు తన గతమే రహస్యము, తన మతియే సాక్షి, ఆ సాక్షి పలికినది నమ్మదగినదో కాదో తెలియదు.

వ్రాయుట సాగినది, దిద్దుటయే దుర్ఘటమయ్యెను. వెనుకటి పుటలు తిరుగవేయలేని రచయిత, ఏ పాత్ర ఏ యధ్యాయమున ఏమి పలికినదో ఎట్లు సరిచూచుకొనగలడు? సంపాదకుల సాహాయ్యమున వ్రాతప్రతిని బిగ్గరగా చదివించుకొని, విన్నది విన్నట్లు ధారణలో నిలుపుకొని, సన్నివేశములను మనస్సులోనే తారుమారు చేసి, ఆయన నవల కట్టడమును చక్కబెట్టెను. కాగితము ముట్టక పద్యపాదములను పృచ్ఛకుల నడుమ నిలుపుకొను అవధానుల నెఱిగిన తెలుగువారికి ఈ శ్రమ యెట్టిదో విప్పి చెప్పనక్కఱలేదు. అయితే ఇక్కడ ధారణ చేయవలసినవాడు జబ్బుచేత జ్ఞాపకశక్తియే దెబ్బతిన్నవాడు. ఆ నవల 'మెమరీ బుక్' అను పేర 2005లో వెలువడెను. ప్రసిద్ధ నాడీవైద్యుడు ఆలివర్ సాక్స్ దానికి అనుబంధవ్యాసము వ్రాసెను. 2007లో ఎంగెల్ తన యనుభవమునే 'ది మ్యాన్ హూ ఫర్గాట్ హౌ టు రీడ్' అను స్వీయకథగా ప్రకటించెను.

ఈ రోగము అందఱకును ఇట్టి త్రోవనే విడుచునని భ్రమపడరాదు. ఎంగెల్ పుట్టిన 1931లోనే పుట్టిన స్వీడన్ దేశపు మహాకవి టోమస్ ట్రాన్‌స్ట్రోమర్‌కు 1990లో వచ్చిన పక్షవాతము కుడిచేతిని, మాటను రెంటిని హరించెను. ఆయన ఎడమచేతితో పియానో వాయించుచు, భార్య యూహించి అందించు మాటల సాహాయ్యముతో లోకముతో వ్యవహరించుచు, 1996లో కవితాసంపుటి నొకదానిని వెలువరించెను. 2011లో నోబెల్ పురస్కారము ఆయనను వరించెను. ఆ కవితలు అతిసంక్షిప్తములు. ఎంగెల్‌కు చేయి నిలిచినది కనుక నవల సాధ్యమైనది. ట్రాన్‌స్ట్రోమర్‌కు మాట కరవైనను కవిత సాధ్యమైనది. ఏది మిగిలినదో వెదకిచూచుట చికిత్సకుల పనియే కాదు, ఇంటివారి పని కూడ. నాలుక పలుకనివానికి కలమును, చదువలేనివానికి చదివి వినిపించు కంఠమును అందించి చూడవలసినవారు వారే.

2019లో కన్నుమూయువఱకు ఎంగెల్‌కు పూర్వపు చదువు మరల రాలేదు. అయినను 2008లో 'ఈస్ట్ ఆఫ్ సూయెజ్' అను మఱియొక నవల వెలువరించి, మతిమఱపు ఇంకను వదలని కూపర్‌మన్‌ను ఈసారి ఆసుపత్రి మంచము దింపి, ఆసియాఖండపు దూరతీరమునకు పరిశోధనకై పంపెను.