ఇంట్లో సైకిలు రిపేరు: ముందు ఏం కొనాలి?

తమిళనాడులో ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లోని ప్లస్ వన్ పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా సైకిళ్లు ఇస్తోంది. కానీ దారిలో పంచరైతే బడికి ఆలస్యమే. చిన్న రిపేర్లు ఇంట్లోనే నేర్పవచ్చు. దానికి పెద్ద టూల్ కిట్ అక్కర్లేదు.

ముందుగా ప్యాచ్‌లు, సొల్యూషన్, గరుకు కాగితం, రెండు టైర్ లివర్లు, మీ ట్యూబు వాల్వుకు సరిపోయే పంపు కొనండి. లివర్లకు బదులు స్క్రూడ్రైవరు వాడితే ట్యూబు చిరుగుతుంది. సొల్యూషన్ రాసి, తడి ఆరాకే ప్యాచ్ అతికించాలి.

తర్వాత స్పానర్లు. చాలా సైకిళ్లలో చక్రం నట్లకు 15, బ్రేకు నట్లకు 10 మిల్లీమీటర్లవి పడతాయి. అయినా సైకిలును దుకాణానికి తీసుకెళ్లి, నట్టుకు పెట్టి చూశాకే కొనండి. వదులుగా ఉంటే నట్టు అంచులు అరిగిపోతాయి.

బ్రేకు బిగించాక పెద్దవాళ్లు తొక్కి చూడండి. అనుమానముంటే మెకానిక్కుకు చూపించాకే పిల్లల్ని ఎక్కనివ్వండి.