పొరలు పొరలుగా మన అడవి పటం

"జీఐఎస్ అంటే కంప్యూటర్‌లో పటం గీయడమేనా అన్నా?" అని తమ్ముళ్లు, చెల్లెళ్లు మమ్మల్ని అడుగుతుంటారు. గీయడం తక్కువ, సర్దడం ఎక్కువ. ఊళ్లు చుక్కలు, వాగులు గీతలు, అడవి హద్దు, మండల హద్దు మూసిన ఆకారాలు. ఒక్కోటి ఒక్కో పొర. వాటిని ఒకదానిపై ఒకటి పేరిస్తేనే పటం.

పేర్చాలంటే అన్నిటికీ ఒకే ఆధారం ఉండాలి. భద్రాచలం, కొత్తగూడెం సర్వే ఆఫ్ ఇండియా 65 సి షీటులో ఉంటాయి. చర్ల వైపు వెళ్తే 65 బి. పాత షీట్లకు ఎవరెస్ట్ ఆధారం, జీపీఎస్‌కు డబ్ల్యూజీఎస్ 84. ఆ తేడా సరిచేయకుండా కలిపితే వంద మీటర్లకు పైగా జరుగుతుంది. అంటే ఒక పోడు చెలక మొత్తం అడవి గీత లోపలికి పోవచ్చు!

హద్దుల పొరకు సంవత్సరం తప్పనిసరి. భద్రాచలం తాలూకా 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోది. పోలవరం కారణంగా 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం పట్టణం తప్ప ఆ మండలం, బూర్గంపాడులో కొన్ని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. 2011 జనాభా లెక్కలు మాత్రం పాత ఖమ్మం జిల్లా ప్రకారమే ఉన్నాయి. కాబట్టి పాత హద్దు చెరపకండి. రెండూ ఉంచి, ఫైలు పేరులోనే సంవత్సరం రాయండి. ఊరి పేరును ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాస్తారు గనుక, పట్టికలను పేరుతో కాక గ్రామ కోడ్‌తో కలపండి.

ఇదంతా దేనికంటే, 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం భూమి 2005 డిసెంబరు 13 నాటికే సాగులో ఉండాలి. ఆ కాలపు లిస్-3 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో గడి 23.5 మీటర్లు, సుమారు 14 సెంట్లు. చెలకలో ఇప్పచెట్లు ఉంచి దున్నుకునే మన పోడు అందులో అడవిలాగే కనబడవచ్చు. 2012 సవరణ నిబంధనలు కూడా ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడే తప్ప వాటికి బదులు కాదన్నాయి. కనుక చిత్రం పొర పక్కనే గ్రామసభ చెప్పిన హద్దుల పొర విడిగా ఉండాలి. రెండింటినీ కలిపేస్తే ఏది ఎవరి మాటో తెలియదు.

పెన్‌డ్రైవ్‌లో ఎస్‌హెచ్‌పీ ఫైలు ఒక్కటే తెస్తే పొర సరిగా తెరుచుకోదు. దాని తోడు ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే కూడా తేవాలి. ఇక మన గుంపులు చాలావరకు రెవెన్యూ గ్రామం లెక్కలోనే కలిసిపోయి ఉంటాయి. వాటి పొర మనమే తయారుచేయాలి. సెలవులకు వెళ్లినప్పుడు పెద్దలతో నడిచి చుక్కలు పెట్టండి. కోయ పేరు ఒక కాలమ్‌లో, రికార్డు పేరు ఇంకో కాలమ్‌లో, నడిచిన తేదీ మూడో దానిలో.