స్టార్ స్క్రూ మొండికేసిన చోట

జమ్మలమడుగు నుంచి గండికోటకు పదిహేను కిలోమీటర్ల దారి. పెన్న చీల్చిన లోయను చూడటానికి బెంగళూరు, హైదరాబాదు కుర్రాళ్లు మోటార్‌సైకిళ్ల మీదే వస్తుంటారు. ఊళ్లవాళ్ల బండ్లు వేరే రకం. పొలానికి, నాపరాళ్ల గనికి, పాలిష్ ఫ్యాక్టరీకి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల షిఫ్టులకు తిరిగే బండ్లవి. వాటిలో అక్కడక్కడ యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంకా కనిపిస్తుంది. 1985లో ఎస్కార్ట్స్ కంపెనీతో కలిసి మన దేశంలోకి వచ్చి, 1996లో తయారీ ఆగిపోయిన బండి అది. అలాంటి బండికి క్లచ్ ప్లేట్లు అరిగాయనుకోండి. మార్చడం పెద్ద పనేమీ కాదు, ప్లేట్లను కప్పిన కుడివైపు కవర్ ఊడి వస్తే.

ఊడి రాదు. కవర్ చుట్టూ ఉన్న స్టార్ స్క్రూలలో నాలుగైదు మెత్తగా తిరుగుతాయి. మిగిలిన ఒకటో రెండో కదలవు. స్క్రూడ్రైవర్ పెట్టి గట్టిగా తిప్పితే కొన గాడిలోంచి జారి పైకి ఎగదన్నుతుంది. ఇంకోసారి తిప్పితే గాడి అంచులు కొద్దిగా నలుగుతాయి, మూడోసారికి ప్లస్ గుర్తు కాస్తా గుండ్రటి గుంటగా మారుతుంది. అప్పుడు షెడ్డులో వినిపించే మాట ఒకటే: ‘స్లిప్ అయిపోయిందన్నా!’

ఆ జారుడును చాలామంది తమ చేతి లోపం అనుకుంటారు. అది స్క్రూ ఆకారంలోనే ఉంది. 1930లలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో హెన్రీ ఫిలిప్స్ అనే వ్యాపారి, జాన్ థాంప్సన్ అనే అతని దగ్గర ఈ నాలుగు గాళ్ల తల ఆలోచనను కొన్నాడు. దానికి మెరుగులు దిద్ది 1936లో పేటెంట్లు పొందాడు. అంతకుముందు ఎక్కువగా వాడింది ఒంటి గాడి స్క్రూ. చేత్తో తిప్పేవాడికి అది చాలు. కానీ కార్ల ఫ్యాక్టరీలో మరతో వేగంగా బిగించేటప్పుడు కొన గాడిలోంచి పక్కకు జారి రంగు గీరేది. ఫిలిప్స్ గాడి లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది, అందుకే డ్రైవర్ కొన తనంతట తానే నడిమధ్యకు చేరుతుంది. ఆ ఏడే జనరల్ మోటార్స్ దాన్ని క్యాడిలాక్ కార్లలో వాడింది. కొన్నేళ్లలోనే మిగతా కార్ల కంపెనీలూ అదే దారి పట్టాయి.

అయితే కొనను మధ్యకు లాగే ఆ వాలే, గట్టిగా తిప్పినప్పుడు దాన్ని బయటికీ నెడుతుంది. వాలు గోడ మీద పక్కకు వేసిన బలంలో కొంత భాగం పైకి తిరుగుతుంది మరి. తిప్పే బలం ఎంత పెరిగితే, కిందికి అంత ఒత్తి పట్టుకోవాలి. బిగించేటప్పుడు ఇది ఇబ్బంది కాలేదు. పాతికేళ్ల తర్వాత విప్పాల్సి వచ్చేవాడి సంగతి ఆ రోజు ఫ్యాక్టరీ లెక్కలోకి రాలేదని నా అభిప్రాయం. కెనడాలో రాబర్ట్‌సన్ అనే ఆయన 1908లోనే చతురస్రపు గాడి స్క్రూ తయారుచేశాడు. దాని గోడలు దాదాపు నిలువు కాబట్టి అంత తేలిగ్గా జారదు. కానీ లైసెన్సు ఇచ్చే విషయంలో ఆయన పట్టుదల వల్ల ఆ స్క్రూ ఎక్కువగా కెనడాకే పరిమితమైపోయింది.

జపాన్ బండ్లలో మరో మెలిక ఉంది. అక్కడి స్టార్ గాడికి జపాన్ ప్రమాణం వేరు. చూడటానికి ఫిలిప్స్ లాగే ఉన్నా, మూలల వంపులో తేడా ఉంటుంది. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ పెడితే కొన పూర్తిగా కూర్చోకముందే అడుగు తగులుతుంది, గాడి గోడలకు సరిగా ఆనదు. స్క్రూ తల మీద చిన్న చుక్క ఉందేమో చూడండి. ఉంటే అది జపాన్ ప్రమాణపుది. దానికి సరిపడే కొన వాడితే సగం స్క్రూలు పాడుకాకుండా మిగులుతాయి.

ఇక అసలు పట్టు సంగతి. కవర్ అల్యూమినియం పోత, స్క్రూ ఉక్కు, పైన జింకు పూత. పూత ఉన్నంతకాలం జింకే ముందు కరిగి మిగతావాటిని కాపాడుతుంది. అది పోయాక, రెండు లోహాల మధ్య ఉప్పునీటి చుక్క నిలిచిందంటే అక్కడో చిన్న బ్యాటరీ తయారవుతుంది. ఆ బ్యాటరీలో కరిగేది అల్యూమినియం. కరిగి తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి తాను పుట్టిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మరల మధ్య ఉన్న సందులన్నీ బిగుసుకుపోతాయి. స్క్రూ ఊడి వచ్చాక దాని మరలకు సున్నంలా అంటుకుని కనిపించేది ఇదే.

వానలే సరిగా పడని ఈ సీమలో ఇదెలా జరుగుతుంది? సముద్రపు గాలి లేని మాట నిజమే, ఆ మేరకు ఇక్కడి బండ్లు అదృష్టం చేసుకున్నవే. కానీ బండిని కడిగేది బోరు నీళ్లతో. ఆ నీళ్లలో ఉప్పులెక్కువ. స్క్రూ తల గుంటలో నిలిచిన నీరు ఎండకు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. మళ్లీ కడిగినప్పుడు ఇంకొంచెం చేరుతుంది. నల్లరేగడి బురద ఎండి కవర్ అంచుల్లో గడ్డకడితే ఆ తేమను రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. సిమెంటు సంచులు మోసే బండికైతే ఇంకో ముప్పు. అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే సన్నటి ఆక్సైడు పొరే దానికి కవచం. తడిసిన సిమెంటులోని క్షారం ఆ పొరను కరిగించేస్తుంది.

ఇలాంటి స్క్రూకు జవాబు ఇంపాక్ట్ డ్రైవర్. జానెడు కూడా ఉండని, బరువైన ఉక్కు పనిముట్టు. దాని పొట్టలో ఏటవాలు గాళ్లు, ఒక స్ప్రింగు ఉంటాయి. వెనక సుత్తితో కొడితే పైభాగం కిందికి దిగుతుంది. దిగుతూ ఏటవాలు గాడి వెంట జరుగుతుంది కనుక ముందున్న కొనను రవ్వంత తిప్పుతుంది. ఒకే దెబ్బ కొనను గాడిలోకి అదిమి పట్టి, అదే క్షణంలో తిప్పుతుంది. ఫిలిప్స్ గాడికి కావలసిందల్లా ఆ అదుమే. పైగా ఆ అదురుకు మరల్లోని తెల్లపొడి పెళుసుగా విరుగుతుంది.

పని చేతిలో చూస్తేనే అందం తెలుస్తుంది. ముందు గుంటలోని మట్టిని సూదిమొనతో గీకి తీస్తారు. కిరోసిన్ రెండు చుక్కలు వేసి వదిలేస్తారు. పలచటి నూనె కనుక సన్నటి సందుల్లోకి తనంతట తానే పాకుతుంది. తర్వాత డ్రైవర్‌ను నిటారుగా నిలబెట్టి, ఎడమచేత్తో విప్పే వైపు మెలితిప్పి పట్టుకుని, సుత్తితో ఒక్కటి. పక్కన నిలబడ్డ బండి యజమానికి గుండె ఆగినంత పని.

‘కవర్ పగలదాన్నా?’

‘కవర్‌ను ఎవరు కొడతాండారప్పా? స్క్రూను కదా కొట్టేది!’

రెండో దెబ్బకో మూడో దెబ్బకో ‘టక్’మని వేరే శబ్దం వస్తుంది. మెకానిక్ ఎదురుచూసేది దాని కోసమే. ఆ తర్వాత మామూలు డ్రైవర్‌తో చేత్తోనే తిప్పొచ్చు.

అప్పటికీ కదలకపోతే వేడి. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 6 మిల్లీమీటర్ల స్క్రూ దగ్గర 100 డిగ్రీలు వేడి పెంచితే, స్క్రూ కంటే రంధ్రం మిల్లీమీటరులో 150వ వంతు ఎక్కువ పెరుగుతుంది. చాలా తక్కువే, కానీ పొడి పట్టు సడలడానికి చాలు. ఇక్కడ గ్యాస్ మంట వాడేవాళ్లను చూస్తే నాకు భయం. పక్కనే పెట్రోలు ఉంటుంది. పైగా అల్యూమినియం కరిగేముందు ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కుంగిపోతుంది. వేడిగాలి యంత్రమో, మరిగే నీళ్లో మేలు. ఇదే గండికోటలో వేడి చాలకేమో, పని చెడిన కథ ఒకటి ఉంది. 1652లో ఇక్కడ గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాసిపెట్టాడు: ఫిరంగులు పోయడానికి మయ్యే అనే ఫ్రెంచివాణ్ని పెట్టి, గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించారనీ, గండికోట గుడి విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదనీ. రాగి కరగడానికి 1,085 డిగ్రీలు కావాలి. ఆ కొలిమి అక్కడిదాకా చేరిందో లేదో.

స్క్రూలన్నీ వచ్చాక కూడా కవర్ కదలకపోవచ్చు. లోపల కాగితపు ప్యాకింగ్ ఏళ్ల తరబడి ఇంజన్ వేడికి ఉడికి రెండు ముఖాలకూ అతుక్కుని ఉంటుంది. ఎవరైనా అంతకుముందు అనబాండ్ జిగురు దట్టంగా పూసి ఉంటే చెప్పనక్కర్లేదు. కవర్‌ను సరైన చోట నిలిపే డోవెల్ పిన్నులు రెండు వాటి గూళ్లలో తుప్పుతో బిగుసుకుంటాయి. ఇక్కడే ఎక్కువ ఇంజన్లు పాడవుతాయి. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి మీటితే మెత్తటి అల్యూమినియం ముఖం మీద గాటు పడుతుంది. ఆ గాటు గుండా కొత్త ప్యాకింగ్ వేసినా ఆయిల్ కారుతూనే ఉంటుంది. కిక్ రాడ్ తీసి, చెక్క సుత్తితోనో ప్లాస్టిక్ సుత్తితోనో అంచు చుట్టూ చిన్నగా తట్టుకుంటూ పోవాలి. ఒకవైపే కాదు, డోవెల్ పిన్నులు వంకరపోకుండా అటూ ఇటూ సమంగా.

బుల్లెట్ ఈ గొడవంతా ఒకవైపు తప్పించుకుంది. 1955లో రాయల్ ఎన్‌ఫీల్డ్, మద్రాసు మోటార్స్ కలిసి తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ ఇండియాను మొదలుపెట్టినప్పటి డిజైన్‌లో ఎడమవైపు చైన్ కవర్‌ను పట్టి ఉంచేది నడుమ ఒక్క నట్టు. అంచు చుట్టూ రబ్బరు సీలు. నట్టు విప్పి, కింద పళ్లెం పెట్టి, అంచు తడితే వచ్చేస్తుంది. ఎంత ముచ్చటైన ఆలోచన! దాన్నీ చెడగొట్టేది మనమే. ఆయిల్ కారితే సీలు మార్చకుండా నట్టును ఇంకా బిగిస్తాం, కవర్ వంగి ఇంకా కారుతుంది.

స్ప్లెండర్ తరం బండ్లలో ఆరు పలకల తల బోల్టులు వచ్చాయి. 8 నంబర్ టీ స్పానర్ బయటినుంచి పట్టుకుంటుంది, జారే వాలు లేదు. ఆర్‌ఎక్స్ 100 యజమానులు చాలామంది పాత స్క్రూలు తీసేసి అలెన్ బోల్టులు వేయించుకుంటున్నారు. ఏది వేసినా లోపలి తెల్లపొడిని మరలు కోసే ట్యాప్‌తో శుభ్రం చేసి, మరలకు కొంచెం గ్రీజు రాసి, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఇలాంటి 6 మిల్లీమీటర్ల బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు చాలు. జానెడు స్పానర్ కొసన ఐదు కిలోల బరువు పెట్టినంత. చేతిబలం చూపించే చోటు కాదిది.

బోల్టుల పొడవులు అన్నీ ఒకటి కావన్నది కూడా మరవకూడదు. పొడవైనదాన్ని పొట్టి రంధ్రంలో దించితే అడుగు తగిలి ఇంజన్ పెట్టె బీటలు వారుతుంది, పొట్టిదాన్ని పొడవు రంధ్రంలో వేస్తే రెండు మూడు మరలే పట్టి త్రెడ్డు పోతుంది. అందుకే పని తెలిసిన మెకానిక్ విప్పడం మొదలుపెట్టకముందే అట్టముక్క మీద కవర్ ఆకారం గీసుకుంటాడు. ఏ మూల స్క్రూను ఆ మూలే గుచ్చి పెడతాడు.