గుట్టెక్కాలి... గురి చేరాలి!

ఇరవై ఒక్క కిలోమీటర్ల పైచిలుకు దూరం. అదీ చదునైన రోడ్డు కాదు... ఎక్కుతూ, దిగుతూ, మళ్లీ ఎక్కుతూ సాగే దారి. గెలిస్తే బహుమతి వచ్చేది ముందు వరుసలోని కొద్దిమందికే. అయినా కోడి కూయకముందే లేచి, బూట్లు బిగించి రోడ్డెక్కేవాళ్లు సుచిత్ర, కొంపల్లి, మేడ్చల్ వీధుల్లో కనిపిస్తూనే ఉంటారు. వాళ్లలో చాలామంది పందెం పక్కవాళ్లతో కాదు, తమతోనే!

హాఫ్ మారథాన్ అంటే కచ్చితంగా 21.0975 కిలోమీటర్లు. సుచిత్ర చౌరస్తా నుంచి కండ్లకోయ దగ్గరి అవుటర్ రింగ్ రోడ్డు దాకా వెళ్లి వెనక్కొస్తే దాదాపు అంత దూరం. బండి మీద వెళితేనే 'అబ్బో' అనిపించే దూరాన్ని రెండు గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు మించకూడదు. రెండున్నర గంటలు చాలనుకుంటే 7 నిమిషాల 6 సెకన్లు. లెక్క కాగితం మీద తేలికే. గుట్ట ఎదురైనప్పుడే అసలు పరీక్ష!

మన నగరం తీరే అంత

హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. రాతిగుట్టల మధ్య పెరిగిన ఊరు కాబట్టి రోడ్లకూ ఆ ఎత్తుపల్లాలు తప్పలేదు. సాధారణంగా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు కష్టమైన పరుగుగా పేరొచ్చిందీ అందుకే. హుస్సేన్‌సాగర్ ఒడ్డున మొదలై ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తులు దాటుకుంటూ గచ్చిబౌలి వైపు సాగే దారిలో కాళ్లకు పెద్దగా విశ్రాంతి ఉండదు. దానికితోడు వానాకాలపు ఉక్కపోత!

ఎత్తు దగ్గర తొందరపడితే ఏమవుతుందో చెప్పే కథ ఒకటుంది. 1936 బోస్టన్ మారథాన్‌లో జాన్ కెల్లీ అనే పరుగువీరుడు చివరి గుట్ట దగ్గర ముందున్న టార్జాన్ బ్రౌన్‌ను అందుకున్నాడు. దాటుతూ దాటుతూ 'పర్లేదులే' అన్నట్టు భుజం తట్టాడు. ఆ తట్టుడుతో బ్రౌన్‌లో పౌరుషం లేచింది. మళ్లీ ముందుకు దూసుకెళ్లి పందెం గెలిచాడు. కెల్లీ గుండె పగిలింది. ఆ గుట్టకు 'హార్ట్‌బ్రేక్ హిల్' అన్న పేరు అలా స్థిరపడిపోయింది!

గడియారం కాదు... ఊపిరి చూడాలి

చదును రోడ్డు మీది వేగాన్నే ఎత్తు మీదా నిలబెట్టుకోవాలనుకోవడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. పైకి వెళ్లేటప్పుడు వేగం తగ్గినా ఫర్వాలేదు, పడే శ్రమ మాత్రం ఒకే తీరుగా ఉండాలి. పక్కవాళ్లతో రెండు ముక్కలు మాట్లాడగలిగితే సరైన తీరులో వెళ్తున్నట్టే. అడుగులు చిన్నవిగా పడాలి. నడుము వంచకుండా, చేతులు బాగా ఊపాలి. మరీ నిటారు ఎత్తయితే చకచకా నడిచినా నామోషీ ఏమీ లేదు.

దిగడం సుఖమనుకుంటాం గానీ తొడ కండరాలు ఎక్కువగా దెబ్బతినేది అప్పుడే. పెద్ద అంగలతో మడమలు నేలకేసి కొడితే ఆ బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. ఒకటి రెండు రోజుల తర్వాత మెట్లు దిగుతుంటే తెలిసొస్తుంది!

సాధన ఎక్కడ?

లారీలు దూసుకెళ్లే మేడ్చల్ హైవే మీద పరుగు మాత్రం వద్దు. కాలనీల్లోని లోపలి రోడ్లు నయం. కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో నడకదారులున్నాయి. గుట్ట ఎక్కే సాధన కావాలంటే ఆదివారం పూట కీసరగుట్ట దాకా వెళ్లొచ్చు. రామలింగేశ్వరుడి దర్శనమూ అవుతుంది, కాళ్లకు పనీ దొరుకుతుంది.

ఆపకుండా అయిదు కిలోమీటర్లు పరుగెత్తగలిగేవాళ్లకు మూడు నాలుగు నెలల సాధన కావాలి. వారానికి మూడు నాలుగు రోజులు పరుగు, ఒకరోజు ఎత్తు మీద సాధన, ఒకరోజు నెమ్మదిగా ఎక్కువ దూరం. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ 16-18 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లాలి. మిగతా రోజుల్లో విశ్రాంతి... అదీ సాధనలో భాగమే. నలభై దాటినవారు, బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా డాక్టర్ని కలవాల్సిందే. చెమట బాగా పట్టే రోజుల్లో నీళ్లు తాగకపోవడం ఎంత ప్రమాదమో, అదేపనిగా తాగి రక్తంలో ఉప్పు పలచబడేలా చేసుకోవడమూ అంతే. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, తికమక పడటం... ఏది కనిపించినా వెంటనే ఆగిపోవాలి. పరుగు మళ్లీ వస్తుంది!

ఎవరి గుట్ట వారిదే

ఇంత కష్టం ఎందుకూ అంటే కిరణ్ కనోజియా జీవితమే జవాబు. హైదరాబాద్‌లో ఇన్ఫోసిస్ ఉద్యోగిని అయిన ఆమె 2011 డిసెంబరులో సొంతూరు ఫరీదాబాద్‌కు రైల్లో వెళ్తున్నారు. దొంగలు బ్యాగు లాక్కోబోయారు. ఆ పెనుగులాటలో రైలు నుంచి పడి ఎడమకాలు పోగొట్టుకున్నారు. అంతటితో కుంగిపోలేదు. మళ్లీ హైదరాబాద్ వచ్చి ఉద్యోగంలో చేరారు. పరుగుకోసమే తయారైన బ్లేడు లాంటి కృత్రిమ కాలు అమర్చుకుని మొదట చిన్న దూరాలు, తర్వాత హాఫ్ మారథాన్లు పూర్తిచేసి 'బ్లేడ్ రన్నర్'గా దేశానికి పరిచయమయ్యారు.

మంచం మీంచి లేచి నాలుగడుగులు వేయడమే ఒకరికి గుట్ట. పెరిగిన షుగర్‌ను అదుపులోకి తేవడం మరొకరికి. పిల్లల పరీక్షలు, ఇంటి పనుల మధ్య తనకంటూ ఓ గంట మిగుల్చుకోవడం ఇంకో ఇల్లాలికి. గమ్యం దగ్గర మెడలో పడే పతకం అందరికీ ఒకేలా ఉంటుంది. దాని బరువెంతో మాత్రం... మోసినవాళ్లకే తెలుస్తుంది!