ఓడ జాబితాలో ముత్తవ్వ

గుమ్మఘట్ట ఇవాళ అనంతపురం జిల్లాలో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా రాయదుర్గం తాలూకాతో పాటు, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న బళ్లారి జిల్లాలో ఉండేది. ఇటువైపు నుంచి ఓడెక్కిపోయిన ముత్తవ్వ ఊరిని డర్బన్‌లో కూర్చుని వెతికేవాళ్లకు ఈ సంగతి తెలియకపోతే, కర్ణాటకలో ఎంత తిరిగినా ఆ ఊరు దొరకదు.

దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటల్లో కూలికి మద్రాసు నుంచి బయల్దేరిన మొదటి ఓడ ‘ట్రూరో’ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా భారతదేశం నుంచి అలా వెళ్లినవాళ్లు 1,52,184 మంది. వాళ్లలో తెలుగువాళ్లూ చాలామంది. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసేవారు. ఊరి పేరు చెవికి ఎలా వినపడితే అలా ఇంగ్లీషులో ఎక్కేది. ఆడవాళ్ల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ: లక్ష్మమ్మలు, నరసమ్మలు ఊరూరా ఉంటారు, పుట్టింటి పేరేమో పెళ్లితోనే పోతుంది.

మరి డీఎన్ఏ? కణాల్లోని మైటోకాండ్రియాకు 16,569 అక్షరాల సొంత డీఎన్ఏ ఉంది. అది తల్లి నుంచే వస్తుంది, కూతుళ్ల ద్వారానే ముందుకు సాగుతుంది. అయితే చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి, ఇద్దరిలో ఒకేలా ఉన్నా వాళ్ల ఉమ్మడి అవ్వ వేల ఏళ్ల కిందటి మనిషి కావచ్చు. మిగతా డీఎన్ఏలో ముత్తవ్వ వాటా సగటున 12.5 శాతం, ఆమె తల్లిది అందులో సగం.

మన దగ్గర ఈ లెక్కా తప్పుతుంది. మేనరికం జరిగిన ఇంట్లో ఒకే అవ్వ వంశవృక్షంలో రెండు చోట్ల ఉంటుంది; దూరపు చుట్టం పరీక్షలో దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ వాళ్లతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన, మన సమూహాలు ఎన్నో తరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న ఆనవాళ్లు జన్యువుల్లో ఉన్నాయని చూపింది. అందుకే డీఎన్ఏ ఒక్కటే ఊరిని పట్టివ్వలేదు. ముందు ఓడ నంబరు, ఆ తర్వాత పాత జిల్లా పటం, చివరికే డీఎన్ఏ పరీక్ష.

ఊరు దొరికినా, మైటోకాండ్రియా పరీక్షకు కావలసింది ఆ ముత్తవ్వ అక్కచెల్లెళ్ల కూతుళ్ల సంతానం. వాళ్లు తరతరానికీ పెళ్లై వేరే ఊళ్లకు వెళ్లిపోయారు. పొలం పత్రాల్లో మగవాళ్ల పేర్లే ఎక్కువగా దొరుకుతాయి. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అవ్వ పుట్టిల్లు ఏ ఊరో, ఆమె తల్లి ఎక్కడిదో అడిగి రాసి పెట్టండి.