తాత ఎందుకంత సేపు తింటాడు?
(పార్కిన్సన్స్ వ్యాధి - దవడ కండరాలు)



మన హాస్టల్‌లో భోజనం గంట కొట్టిన పావుగంటకల్లా ప్లేట్లు కడిగేసేవాళ్లం. ఆ అలవాటుతో సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తాతను చూస్తే నాకు విసుగొచ్చేది. అందరం తిని లేచినా ఆయన ఒక్క జొన్నరొట్టె ముందు ముప్పావు గంట కూర్చునేవాడు. "ఎంతసేపు తాతా, తొందరగా తిను" అని చాలాసార్లు అన్నాను. కొన్నాళ్లకు ఆయన సగం రొట్టె వదిలేసి "చాలురా, ఆకలి లేదు" అని లేవడం మొదలుపెట్టాడు. బాగా చిక్కిపోయాడు. వయసు మీద పడిందనుకున్నాం. కుడిచేయి వణకడం మొదలయ్యాక గానీ డాక్టరుకు చూపించలేదు. పార్కిన్సన్స్ వ్యాధి అన్నారు. ఆ తర్వాత పుస్తకాల్లో చదివి నేను తెలుసుకున్నది మీతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఏమిటీ వ్యాధి?

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగులను గమనించి ఈ వ్యాధి గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో చేతుల వణుకు గురించే కాదు, అన్నం నమిలేదాకా నోట్లో నిలుపుకోవడం, నమిలాక మింగడం ఎంత కష్టమవుతాయో కూడా రాశాడు. అంటే ఈ సంగతి 200 ఏళ్ల క్రితమే తెలుసు. మన ఇళ్లదాకా మాత్రం చేరలేదు.

మెదడు లోపల సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న భాగం ఉంది. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారు చేస్తాయి. మనం చేసే ప్రతి కదలిక సరైన వేగంతో, సరైన మోతాదులో జరగడానికి డోపమిన్ కావాలి. పార్కిన్సన్స్‌లో ఈ కణాలు క్రమంగా నశిస్తాయి. లక్షణాలు పైకి కనబడేసరికే సుమారు సగమో, అంతకన్నా ఎక్కువో పోయి ఉంటాయి.

నమలడం వెనుక ఎంత పని!

మీ వేళ్లను చెంపల వెనుక భాగంలో పెట్టి పళ్లు గట్టిగా బిగించండి. గట్టిపడేది మాసెటర్ కండరం. కణతల మీద పెట్టి చూస్తే టెంపొరాలిస్ తెలుస్తుంది. లోపలి వైపు మరో రెండు టెరిగాయిడ్ కండరాలు ఉంటాయి. ఇలా ఒక్కో వైపు నాలుగు కండరాలు దవడను మూస్తూ, తెరుస్తూ, పక్కలకు కదుపుతూ ఉంటాయి. వీటికి ఆజ్ఞలు ఐదవ కపాల నాడి ద్వారా అందుతాయి. నమిలే లయను మెదడు కాండం నడుపుతుంది కాబట్టి మనం ఆలోచించకుండానే నమిలేస్తాం.

పార్కిన్సన్స్‌లో ఈ కండరాలకు పక్షవాతం రాదు. కండరం ఉంది, నాడి ఉంది. పైనుంచి వచ్చే ఆజ్ఞే ఆలస్యంగా, చిన్నగా వస్తుంది. అందువల్ల దవడ నెమ్మదిగా కదులుతుంది. నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. కండరాలు బిగుసుకుంటాయి. కొందరికి ఊరికే కూర్చున్నప్పుడు కూడా దవడ సెకనుకు 4 నుంచి 6 సార్లు వణుకుతుంది. నాలుక ముద్దను వెనక్కి తోయలేక ముందుకూ వెనక్కూ ఆడుతూ ఉంటుంది. మా తాత నోట్లో ముద్ద అలా ఉండిపోవడానికి కారణం ఇదే. అది మొండితనమూ కాదు, ఆకలి లేకపోవడమూ కాదు.

వీళ్లలో కొందరికి నోటి నుంచి చొంగ కారుతుంది. చాలామంది లాలాజలం ఎక్కువ ఊరుతోందనుకుంటారు. నిజానికి మింగడం తగ్గడం వల్లే అది నోట్లో నిలిచి బయటికి వస్తుంది.

అసలు ప్రమాదం

సరిగా నమలని ముద్ద గొంతుకు అడ్డుపడవచ్చు. మెతుకులో, నీళ్లో శ్వాసనాళంలోకి పోతే న్యుమోనియా రావచ్చు. ఈ రోగుల మరణాలకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. కొందరికి పొలమారినా దగ్గు రాదు కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలియదు కూడా. తినేటప్పుడు దగ్గు, తిన్నాక గొంతు గురగుర, బరువు తగ్గడం, మళ్లీ మళ్లీ జ్వరం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

మనం చేయగలిగినవి

ఈ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు లేదు. లెవోడోపా అనే మందు మెదడులో డోపమిన్‌గా మారి కదలికలను మెరుగుపరుస్తుంది. చాలామందికి దీన్ని భోజనానికి సుమారు అరగంట ముందు వేసుకోమంటారు. మందు పనిచేసే సమయంలో తింటే నమలడం కొంత సులువవుతుంది. పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రొటీన్లు ఈ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడవచ్చు. అలాగని వాటిని మానిపించకూడదు. ఏది ఎప్పుడు తినాలో డాక్టరును అడగాలి.

మా ఊళ్లో కొందరు దూలగొండి గింజల పొడి ఇవ్వమన్నారు. ఆ గింజల్లో లెవోడోపా ఉన్నమాట నిజమే. కానీ ఎంత మోతాదు వెళుతుందో తెలియకుండా, ఇప్పటికే వాడుతున్న మందుకు తోడుగా సొంతంగా ఇవ్వడం ప్రమాదం.

ఇంకా ఇవి గుర్తుంచుకోండి: నిటారుగా కూర్చోబెట్టాలి. చిన్న ముద్దలు పెట్టాలి. ఒకటి మింగాకే మరొకటి. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడించకూడదు. రొట్టెను పప్పులోనో, మజ్జిగలోనో మెత్తగా నానబెట్టాలి. తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు. చేయి వణికేవాళ్లకు పళ్లు తోమడంలో సాయం చేయాలి. మింగడం కష్టమైతే స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. మాటే కాదు, మింగడం నేర్పేదీ వాళ్లే.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఖర్చు లేనిది ఒకటుంది. వాళ్లకు టైం ఇవ్వండి. ఇప్పుడు మా ఇంట్లో తాత లేచేదాకా ఎవరో ఒకరం పక్కన కూర్చుంటాం. ఆయన ఇప్పటికీ నెమ్మదిగానే తింటాడు, కానీ రొట్టె వదలడం లేదు. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాణ్ణి నేనే. అయినా చదువుకోని అమ్మ ఏనాడూ ఆయన్ని తొందరపెట్టలేదు. తొందరపెట్టింది నేనే. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ తాత, నాయనమ్మ ఎలా తింటున్నారో ఒకసారి చూడండి. విసుక్కోకండి. పక్కన కూర్చోండి.

- మన హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జంతుశాస్త్రం)